బరువు దించకండి, ఆపండి: యూనిఫాం కల ఉన్న పిల్లల అమ్మానాన్నలకు

పోయిన ఏడాది జూన్‌లో, బడి తెరిచిన వారానికి, ఒకాయన తన పదకొండేళ్ల కొడుకును వెంటబెట్టుకుని పొద్దున్నే గ్రౌండ్‌కి వచ్చాడు. సొంతూరు హిందూపురం వైపు, కాపురం బెంగళూరు కె.ఆర్. పురంలో. "సార్, మావాడు ఎన్‌డీఏకి, అదే, మిలిటరీ ఆఫీసర్ల అకాడమీకి పోతానంటున్నాడు. మీరు మిలిటరీలో చేసొచ్చారంట కదా, రోజూ పరిగెత్తించి ఒక పది కేజీలు దించేయండి. ఫీజు సంగతి చూసుకుందాం" అన్నాడు. పిల్లవాడు బూటు కొసతో మట్టి గీకుతూ నిలబడ్డాడు. వాడి అసలు పేరెందుకులెండి, చంటి అనుకుందాం.

స్టోర్‌రూం నుంచి ఐదేసి కేజీల డంబెల్స్ రెండు తెచ్చి ఆయన ల్యాప్‌టాప్ బ్యాగులో వేశాను. "తగిలించుకుని రెండు రౌండ్లు కొట్టి రండి సార్" అన్నాను. మొహమాటపడ్డాడు గానీ కొడుకు ముందు కాదనలేక బయల్దేరాడు. ఒకటిన్నర రౌండుకే వేపచెట్టు కింద కూలబడ్డాడు. "మీరు బ్యాగు తీసి పక్కన పెట్టారు. వీడు నిద్రలో కూడా దించలేడు. ఆ బరువుతోనే రోజూ పరిగెత్తమంటే మోకాళ్లు పోతాయి, గ్రౌండ్ అంటేనే అసహ్యం పుడుతుంది" అన్నాను.

ఈ మాట నాకు ఊరికే తెలియలేదు. అలసూరు చెరువు పక్కనున్న మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో 17 ఏళ్లు పనిచేసి, బయటికొచ్చి ప్రైవేటు బళ్లో పీటీ మాస్టర్‌గా చేరిన కొత్తలో, లావుగా ఉన్న పిల్లలకి రెండు రౌండ్లు ఎక్కువ వేయించేవాణ్ని. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఏడో తరగతి పిల్లాడొకడు ఒక నెల తర్వాత డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చి, పదో తరగతి దాకా పీటీ పీరియడ్ అంతా లైబ్రరీలో కూర్చున్నాడు. ఆ తప్పు నాదే. అప్పటినుంచి పద్ధతి మార్చుకున్నాను. చంటి నాన్నకి చెప్పినవన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదటి పని: కొలవడం, అదీ సరిగ్గా

బీఎంఐ అంటే కేజీల బరువును మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. పెద్దవాళ్ల బీఎంఐ లెక్క పిల్లలకి పనికిరాదు. 25 లోపుంది కాబట్టి ఫర్వాలేదు అని చాలామంది అమ్మానాన్నలు ఫోన్‌లో చూసి చెబుతుంటారు. పిల్లలకి వయసునిబట్టి, ఆడామగా తేడానిబట్టి గీత మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో 11 ఏళ్ల అబ్బాయికి 19.2 దాటితే అధిక బరువు, 22.5 దాటితే ఊబకాయం. అదే 13 ఏళ్లకి ఆ గీతలు 20.8, 24.8. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం వేసిన పట్టిక వేరే ఉంది. మీ పిల్లల డాక్టర్ ఆ కాగితం మీదే చుక్క పెడతారు.

ఎత్తు కొలిచేటప్పుడు బూట్లు విప్పించి, మడమలు, పిరుదులు, వీపు గోడకి ఆనించి నిలబెట్టండి. అట్ట పుస్తకం ఒకటి తలమీద నిక్కచ్చిగా ఆనించి గోడమీద పెన్సిల్‌తో గీత పెట్టి, తారీఖు రాయండి. అద్దె ఇల్లయితే ఓనర్‌తో గొడవెందుకు, తలుపు వెనక తెల్ల కాగితం అంటించండి. ఎత్తు మూడు నెలలకోసారి, బరువు నెలకోసారి చాలు. పిల్లల్ని రోజూ మిషన్ ఎక్కించే ఇళ్లు చూశాను. అక్కడ పిల్లలు దాచుకుని తినడం నేర్చుకుంటారు, అంతే.

మిషన్ లేకున్నా ఒక చిట్కా ఉంది. పిల్లవాడి ఎత్తుకి సరిపడా దారం కత్తిరించండి. దాన్ని సగానికి మడిచి, బొడ్డు మీదుగా నడుము చుట్టూ తిప్పండి. బిగించకుండా రెండు కొసలూ కలిస్తే మంచిదే. కలవకపోతే పొట్ట దగ్గర కొవ్వు పేరుకుంటోందని అర్థం. చంటికి నాలుగు వేళ్లు తక్కువొచ్చింది. ఆ దారం వాళ్లమ్మ దేవుడి పటం వెనక దాచిపెట్టింది.

రెండో పని: లెక్క అర్థం చేసుకోవడం

అసలు కిటుకు ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. జూన్‌లో చంటి ఎత్తు 140 సెంటీమీటర్లు, బరువు 48 కేజీలు. బీఎంఐ 24.5, అంటే ఊబకాయమే. ఇప్పుడు వాడి బరువు 48 దగ్గరే ఆగి, ఎత్తు మాత్రం 150 అయిందనుకోండి: 21.3. ఎత్తు 160 అయితే 18.75, అంటే మామూలు పిల్లాడే. ఒక్క కేజీ కూడా దించకుండానే! ఎదిగే వయసులో బరువు అలాగే నిలిచిపోదు, నిలవనక్కర్లేదు కూడా. 160 దగ్గర 52 కేజీలున్నా బీఎంఐ 20.3 మాత్రమే.

అందుకే నేను అందరికీ చెప్పేది, దించకండి, ఆపండి అని. పొడవు మిగతా పని చేస్తుంది. ఈ వెసులుబాటు పెద్దవాళ్లకి లేదు. పదహారు, పదిహేడేళ్లొచ్చాక ఎత్తు ఇంచుమించు ఆగిపోతుంది, అప్పుడిక దించక తప్పదు. కాబట్టి పదేళ్లప్పుడు మొదలుపెట్టినవాళ్లకి ఏడేళ్ల టైం ఉంటుంది, ఇంటర్ రెండో ఏడాదిలో కోచింగ్‌కి పరిగెత్తినవాళ్లకి ఏడు నెలలు కూడా ఉండదు. బరువు మరీ ఎక్కువైతే కొంచెం కొంచెంగా దించాలని డాక్టరే చెబుతారు. అది డాక్టర్ చూసుకుంటూ చేయించాల్సిన పని, నాలాంటి పీటీ మాస్టర్ చేతిలోది కాదు.

ఈలోపు డాక్టర్‌కి చూపించాల్సిన గుర్తులు

మెడ వెనక నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా అవుతుంది కొందరికి. మురికి అనుకుని అమ్మలు సున్నిపిండి పెట్టి రుద్దుతారు, పాపం పిల్లల మెడ ఎర్రబడిపోతుంది. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదని చాలాసార్లు చర్మం ఇచ్చే కబురు. రాత్రి గట్టిగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టయి, పగలు క్లాసులో తూగేవాళ్లు ఇంకొకరు. తుంటి దగ్గరో మోకాలిలోనో నొప్పి అంటూ కుంటుతుంటే నాటకం అనుకోవద్దు, వెంటనే ఎముకల డాక్టర్‌కి చూపించండి. లావుగా ఉన్న ఎదిగే పిల్లల్లో తుంటి ఎముక తల జారే జబ్బొకటి ఉంది, ఆలస్యమైతే కాలు పాడవుతుంది. లావుతోపాటు ఎత్తు కూడా పెరగకపోతే హార్మోన్ల సంగతి చూడాలి. ఆడపిల్లల్లో నెలసరి తప్పుతుంటే అదీ చెప్పాలి. షుగర్, కొలెస్టరాల్, లివర్, బీపీ, ఈ నాలుగూ ఒకసారి చూస్తే ఒక లెక్క తేలుతుంది.

మూడో పని: డబ్బా

మా బళ్లో మధ్యాహ్నం డబ్బాలు తెరిచేటప్పుడు వరండాలో ఒకసారి నడిస్తే చాలు, బెంగళూరు తెలుగిళ్ల హడావుడంతా కనిపిస్తుంది. చిత్రాన్నం, పులిహోర, నూడుల్స్, జాం రాసిన బ్రెడ్డు, నిన్న రాత్రి ఆర్డర్ చేసిన ఫ్రైడ్ రైస్. తప్పుపట్టడం లేదు. ఏడున్నరకి బస్సు, ఎనిమిదికి అమ్మానాన్నలిద్దరూ ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో. కానీ ఆ డబ్బాల్లో పప్పు కనపడదు, గుడ్డు కనపడదు, కూర ఉంటే మూతకంటినంత.

నాకొక కొలమానం దొరికింది, అదీ ప్రభుత్వ బడి నుంచి. పీఎం పోషణ్ అని ఇప్పుడు పిలిచే మధ్యాహ్న భోజనానికి కేంద్రం పెట్టిన లెక్క ఇది: అయిదో తరగతి దాకా పూటకి 100 గ్రాముల బియ్యమో గోధుమలో, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది దాకా 150, 30, 75, ఏడున్నర. మొత్తం కలిపి చిన్నవాళ్లకి 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. పెద్దవాళ్లకి 700, 20. పైగా కర్ణాటక ప్రభుత్వ బళ్లలో 2013 నుంచి క్షీరభాగ్య పాలు, ఈమధ్య గుడ్డు, వద్దన్నవాళ్లకి అరటిపండు. మనం ఏడాదికి లక్షన్నర ఫీజు కట్టి పంపే పిల్లల డబ్బాలో ఇవి ఉన్నాయా అని ఒక్క వారం తూకం వేసి చూడండి. చంటి వాళ్లమ్మ వేసింది. మొదటి వారం అయిదు రోజులూ కలిపి పప్పు 30 గ్రాములు దాటలేదు, నూనె మాత్రం ఒక్క పూటలోనే మూడింతలు.

మార్చడానికి పెద్ద వంటలేమీ అక్కర్లేదు. చిత్రాన్నమే పెట్టండి, అన్నం మూడోవంతు తగ్గించి ఉడికించిన శనగలో, అలసందలో కలపండి, వేరుశనగ గింజలు ఎలాగూ వేస్తారు. నూడుల్స్ అడిగితే వారానికొకసారి, అందులో గుడ్డు, బీన్స్, క్యారెట్ నూడుల్స్ కంటే ఎక్కువ. డబ్బా పక్కన చిన్న గిన్నెలో కీరదోస ముక్కలు. ఉడకబెట్టిన గుడ్డు ఆరు గ్రాముల ప్రొటీన్, గ్లాసు పాలు ఇంచుమించు అంతే, గుప్పెడు వేరుశనగలు ఏడు. వాసనొస్తుందని బస్సులో ఏడిపిస్తారు అని గుడ్డు వద్దంటారు పిల్లలు. నిజమే, ఏడిపిస్తారు. అయితే ఇంట్లో పొద్దున తినిపించి పంపండి.

రాగుల గురించి ఒక మాట. మన సీమ వాళ్లకి సంకటి, ఇక్కడివాళ్లకి ముద్ద, ఒకే తిండి. కాల్షియం బాగా ఉంటుంది, పీచు ఉంటుంది, పొద్దెక్కేదాకా ఆకలి వేయదు. కానీ రాగి బిస్కెట్, చాక్లెట్ రుచిగల రాగి పొడి అంటే అది రాగి కాదు, చక్కెర. ఆదివారం సంకటి, ఉలవచారు, ఆకుకూర పెట్టి చూడండి. ముద్దను నమలకుండా మింగాలని ఇక్కడివాళ్లు పిల్లలకి పందెం పెడితే సరదాగా తినేస్తారు.

నాలుగో పని: ఇల్లు సర్దడం

పిల్లవాడికి ఒక పళ్లెం, మిగతావాళ్లకి ఇంకో పళ్లెం పెడితే ఈ పని అయ్యేది కాదు. నాన్న ముందు మిక్చర్ ప్యాకెట్ పెట్టుకుని కొడుకును కీరదోస తినమంటే వాడేమనుకుంటాడు? ఇంట్లో లేనిది ఎవరూ తినరు. కాబట్టి నిఘా పెట్టడం కంటే సరుకుల లిస్టు మార్చడం తేలిక. పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్ పాస్‌వర్డ్ పిల్లల చేతిలో ఉందేమో కూడా చూసుకోండి. చంటి ఇంట్లో అసలు దొంగ అదే అని తేలింది. సాయంత్రం నాలుగున్నరకి, అమ్మ ఇంకా ఆఫీసులో ఉండగా, చిప్స్ గుమ్మంలో వాలేవి.

తాగేవాటితో మొదలుపెట్టండి. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో 30 గ్రాముల దాకా చక్కెర, అంటే ఆరు టీస్పూన్లు. పెద్దవాళ్లకి కూడా రోజు మొత్తానికి 25 గ్రాములు మించొద్దనేది ఇప్పుడు చెబుతున్న మాట. ప్యాకెట్ జ్యూస్ దీనికి అక్కే. మాల్ట్ పొడి వేసిన పాలు తాగితే పొడుగవుతారని మనమంతా నమ్మాం. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పానీయాల్ని హెల్త్ డ్రింక్స్ వరసలోంచి తీసేయమని ఆన్‌లైన్ అమ్మకందారులకి చెప్పింది. డబ్బా వెనక చక్కెర ఎంతో చదివి, చెంచాల్లోకి మార్చి లెక్కేయండి. మజ్జిగ ఉంది, కొబ్బరినీళ్లున్నాయి, ఉత్త పాలున్నాయి.

బేకరీ సంగతి బెంగళూరులో వేరే చెప్పాలి. వీధికో అయ్యంగార్ బేకరీ ఉన్న ఊరిది. సాయంత్రం ఆరింటికి వేడి పఫ్ వాసన దాటి ఇంటికి రావడం నాకే కష్టం. పూర్తిగా మానమనను. వారంలో ఒక రోజు, ఒక్కటి, అక్కడే నిలబడి తినేసి రావాలి, ఇంటికి పార్సిల్ తేకూడదు. ఈ ఒక్క నియమం చాలా ఇళ్లలో పనిచేసింది.

అమ్మమ్మలూ నానమ్మలతో తగువు వద్దు. బొద్దుగా ఉంటే ముద్దు అనే కాలం వాళ్లది, తిండి దొరకని రోజులు చూసినవాళ్లు. చంటి నానమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడల్లా గిన్నెడు నెయ్యితో దిగేది. నేను ఆమెకి చెప్పింది ఒక్కటే: "అమ్మా, నెయ్యి వేయండి, చెంచాతో వేయండి, గరిటెతో వద్దు. పొద్దున్నే వాణ్ని గుడి దాకా నడిపించి తీసుకురండి." ఇప్పుడు ఆ గుడికి పోయే డ్యూటీ ఆమెదే.

నిద్ర గురించి ఎవరూ అడగరు. పన్నెండేళ్ల లోపు పిల్లలకి తొమ్మిది గంటలు తక్కువ కాకూడదు, ఆ పైవాళ్లకి ఎనిమిది. నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, తీపి మీదికి మనసు పోతుంది. రాత్రి పదకొండు దాకా ఫోన్ చూసే పిల్లాడికి పొద్దున అయిదున్నరకి అలారం పెట్టి పరిగెత్తించడం దండగ. ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టండి. మీదీ అక్కడే.

అయిదో పని: బడితో మాట్లాడటం

2020లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే మన దేశపు ఆహార భద్రతా సంస్థ తెచ్చిన నిబంధనల ప్రకారం, కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి బడి ఆవరణలో అమ్మకూడదు, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు కూడా అమ్మకూడదు. ఇది చాలామంది అమ్మానాన్నలకే కాదు, ప్రిన్సిపాళ్లకీ తెలియదు. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక బళ్లో క్యాంటీన్‌ని టెండర్‌కి ఇచ్చారు. ఇంటర్వెల్‌లో పఫ్‌లు, సమోసాలు, రంగు నీళ్లు. నేనొక్కణ్నే అడిగితే "సార్, మీరు పీటీ చూసుకోండి" అన్నారు. ఇరవైమంది అమ్మానాన్నలు సంతకాలు పెట్టిన ఉత్తరం వెళ్లాక రెండు వారాల్లో మెనూ మారింది. కాబట్టి ఒంటరిగా వెళ్లకండి. "ఇది మూసేయండి" అనకండి, "దీని బదులు ఉడికించిన మొక్కజొన్న, సుండల్ అనే గుగ్గిళ్లు, పండ్లు, మజ్జిగ పెట్టండి" అని లిస్టు చేతిలో పెట్టండి. సీబీఎస్‌ఈ బడి అయితే 2025 మే నుంచి షుగర్ బోర్డు పెట్టమన్నారు, ఏ పానీయంలో ఎంత చక్కెరో పిల్లలకి కనపడేలా. మీ బళ్లో అది ఎక్కడుందని మర్యాదగా అడగండి.

రెండో విషయం పీటీ పీరియడ్. పరీక్షలొస్తున్నాయంటే ముందు పోయేది అదే, లెక్కల టీచర్ వచ్చి తీసుకుంటారు. టైంటేబుల్‌లో ఉన్న పీరియడ్లు నిజంగా జరుగుతున్నాయా అని మీటింగ్‌లో ఒక్కసారి అడగండి చాలు, మాలాంటివాళ్లకి కొండంత అండ.

ఇంకా, పుట్టినరోజు చాక్లెట్లు. నలభైమంది క్లాసులో ఏడాదికి నలభై రోజులు. పెన్సిళ్లు పంచండి.

బడి తిండికీ సైన్యానికీ సంబంధమేంటని నవ్వేవాళ్లుంటారు. బోయర్ యుద్ధానికి ముందుకొచ్చిన కుర్రాళ్లలో బలహీనంగా ఉన్నవాళ్లు మరీ ఎక్కువయ్యారని బ్రిటన్ కంగారుపడి కమిటీ వేసింది, 1906లో బళ్లలో భోజనానికి చట్టం చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో తిండి లేక చిక్కిన కుర్రాళ్లని వెనక్కి పంపాల్సి వచ్చిన అమెరికా 1946లో బడి భోజన చట్టం తెస్తూ, అది దేశ భద్రత కోసమని అందులోనే రాసుకుంది. 2010కి వచ్చేసరికి అదే దేశంలో మిషన్ రెడీనెస్ అనే మాజీ సైన్యాధికారుల బృందం, ఇప్పుడు లావు వల్ల పిల్లలు సైన్యానికి పనికిరావట్లేదు, బడి తిండి మార్చండి అని మొత్తుకుంది. అప్పుడు బక్కపిల్లలు, ఇప్పుడు బొద్దుపిల్లలు. మన దగ్గర రెండు రకాలూ ఒకే వీధిలో ఉన్నారు.

ఆరో పని: ఒళ్లు కదపడం

రోజుకి గంట ఒళ్లు కదలాలి, ఊపిరి వేగం పెరిగేలా. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, అయిదేళ్ల నుంచి పదిహేడేళ్ల పిల్లలందరికీ. గంట ఒకేసారి అక్కర్లేదు.

మొదటి రెండు నెలలు పరుగు వద్దు, స్కిప్పింగ్ అసలే వద్దు. నడక, సైకిల్, ఈత, అపార్ట్‌మెంట్ మెట్లు. చంటిని మొదట్లో బాల్ అందించే పని మీద పెట్టాను. వాడికి తెలియకుండానే నలభై నిమిషాలు తిరిగేవాడు. తర్వాత కబడ్డీ. బరువున్న పిల్లవాడు కబడ్డీలో రాజు, గీత దగ్గర వాణ్ని కదపడం కష్టం. మొదటిసారి వాడి జట్టు వాడి పేరు పెట్టి అరిచిన రోజున ఇంటికి పోయి ఏం చెప్పాడో నాకు తెలీదు గానీ, మర్నాడు నాకంటే ముందే గ్రౌండ్‌లో ఉన్నాడు.

మూడో నెల నుంచి నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఆరుసార్లు. వారానికి మూడు రోజులే. పక్కన నడుస్తూ మాట్లాడితే జవాబు చెప్పగలగాలి, ఆయాసంతో మాట రాకపోతే వేగం ఎక్కువైనట్టు. రెండు వారాలకోసారి పరుగు అర నిమిషం పెంచండి. ఎనిమిది, తొమ్మిది నెలలకి ఆగకుండా పది నిమిషాలు వస్తుంది. ఏడాదికి ఒకటిన్నర కిలోమీటర్లు సునాయాసంగా. గడియారం చూడొద్దు ఈ వయసులో.

చేతుల బలం విడిగా చూడాలి. రిక్రూటింగ్ ర్యాలీలో బీం దగ్గర బోల్తా పడేవాళ్లే ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఎత్తాల్సింది సొంత బరువు. పార్కులో కమ్మీ పట్టుకుని ఊరికే వేలాడటంతో మొదలు, అయిదు సెకన్లు వచ్చినా చాలు. అది ముప్ఫైకి చేరాక కింద స్టూల్ వేసి పైకెక్కి, గడ్డం కమ్మీ మీదుంచి, మెల్లగా దిగడం. గోడకి ఆనించి పుష్-అప్స్, తర్వాత బెంచీకి, తర్వాత నేలకి. పిల్లలు బరువులెత్తితే పొట్టిగా ఉండిపోతారనేది ఉత్త మాట. కానీ పక్కన తెలిసినవాడుండాలి, బరువు తక్కువుండాలి.

ఆరుబయట ఆడటానికి ఇంకో లాభముంది. ఎండ వెలుగులో తిరిగే పిల్లలకి దూరపు చూపు తగ్గి కళ్లద్దాలు పడటం ఆలస్యమవుతుంది. పైలట్ కావాలనేవాళ్లకి చివర్లో ఆ కళ్లే అడ్డం పడతాయి. ఆడపిల్లల అమ్మలకి కూడా ఒక మాట: నల్లబడుతుందని నీడలో కూర్చోబెట్టొద్దు. సైనిక్ స్కూళ్లు అమ్మాయిల్ని తీసుకుంటున్నాయి, ఎన్‌డీఏలో 2022 నుంచి అమ్మాయిలు చేరుతున్నారు, మొదటి బ్యాచ్ 2025 మేలో బయటికొచ్చింది.

ఏ వయసులో ఏ తలుపు

ఆరో తరగతికి 10–12 ఏళ్ల మధ్య, తొమ్మిదికి 13–15 మధ్య సైనిక్ స్కూల్ ప్రవేశపరీక్ష రాయొచ్చు. మనవాళ్లకి కలికిరి, కోరుకొండ. ఇక్కడ బెంగళూరులోనే రాష్ట్రీయ మిలిటరీ స్కూల్ ఉంది, దేశం మొత్తానికి అలాంటివి అయిదే. రాతపరీక్ష తర్వాత మెడికల్ ఉంటుందని మర్చిపోయి చదువు మీదే పడతారు అందరూ. హైస్కూలుకొచ్చాక ఎన్‌సీసీ జూనియర్ డివిజన్‌లో చేర్చండి. మీ బళ్లో లేకపోతే ఉన్న బడికి మార్చడం గురించి ఆలోచించినా తప్పులేదు, నా ఉద్దేశంలో ఈ వయసుకి దాన్ని మించిన కోచింగ్ లేదు.

ఎన్‌డీఏకి పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర. ఏడాదికి రెండుసార్లు యూపీఎస్‌సీ రాతపరీక్ష, తర్వాత ఎస్‌ఎస్‌బీ, అంటే ఆఫీసర్లని ఎంపిక చేసే ఇంటర్వ్యూ బోర్డు, ఆపైన మెడికల్ బోర్డు. చేరేముందు 2.4 కిలోమీటర్లు 15 నిమిషాల్లో, పుష్-అప్స్, సిట్-అప్స్ ఇరవయ్యేసి, చిన్-అప్స్ ఎనిమిది, తాడు మీద మూడు నాలుగు మీటర్లు ఎక్కేలా తయారై రమ్మని నోటిఫికేషన్‌లోనే రాస్తారు. అగ్నివీర్‌కి పదిహేడున్నర నుంచి. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో చేస్తే పూర్తి 60 మార్కులు, అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, ఒక్కొక్కటి 82 సెకన్లు. బీం మీద పది పుల్-అప్స్‌కి 40 మార్కులు. తొమ్మిదడుగుల గుంత దూకాలి. ఛాతీ అయిదు సెంటీమీటర్లు ఉబ్బాలి. ఎత్తుకీ వయసుకీ తగ్గ బరువుండాలి. మోకాళ్లు రాసుకుంటున్నాయా, పాదం బల్లపరుపుగా ఉందా అని కూడా చూస్తారు.

చివరి ఏడాది చేయకూడనివి

పదిహేడేళ్లొచ్చి ఇంకా బరువుంటే టెన్షన్ పడి పొట్ట మాడ్చుకోవడం మొదలెడతారు. ఎస్‌ఎస్‌బీకి నెలముందు ఒక అబ్బాయి పుచ్చకాయ మీదే బతికాడు. ఆరు కేజీలు తగ్గాడు, గ్రౌండ్ టాస్క్‌లో దుంగ ఎత్తే ఓపిక లేకపోయింది. ఆవిరి గదిలో కూర్చుని చెమట పట్టించుకోవడం, కొవ్వు కరిగిస్తుందని చెప్పే పొడులు, జిమ్ అన్న చెప్పిన ఇంజెక్షన్లు, ఇవేవీ వద్దు. మెడికల్‌లో రక్తం, మూత్రం కూడా చూస్తారు. వారానికి అర కేజీ చొప్పున, ఆరు నెలల ముందు నుంచి, డాక్టర్‌కి చెప్పి తగ్గించడం ఒక్కటే దారి. అన్నం మూడో వంతు తగ్గించి, రాత్రి భోజనం ఏడున్నరకి, తీపి పానీయం సున్నా, పప్పు, గుడ్డు, చేప తగ్గకుండా. బరువు ఎక్కువని బోర్డు తాత్కాలికంగా అన్‌ఫిట్ చేస్తే ఏడ్చి ఇంటికి రాకండి. ఎన్నిరోజుల గడువు, మళ్లీ ఎక్కడికి రావాలి అన్నది అక్కడే అడిగి కాగితం మీద రాయించుకోండి.

మొన్న జూన్‌లో చంటిని మళ్లీ తలుపు వెనక కాగితానికి ఆనించాం. 146 సెంటీమీటర్లు, 49 కేజీలు. బీఎంఐ 23. పన్నెండేళ్లకి ఊబకాయం గీత 23.6, దాన్ని దాటి ఇవతలికొచ్చాడు. ఒక్క కేజీ పెరిగి! వాళ్లమ్మ దేవుడి పటం వెనక నుంచి దారం తీసింది. పొడవు పెరిగాడు కదా, పాత దారం పనికిరాదన్నాను, కొత్తది కత్తిరించాం. ఇంకా రెండు వేళ్లు తక్కువ. "సార్, కమ్మీ మీద ఇప్పుడు ముప్ఫై ఎనిమిది సెకన్లు" అన్నాడు వాడు, ఆ దారం కొసలు వదలకుండానే.